సన్మాన శాలువా గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా శాలువా గారూ,

నమస్కారం. నన్ను గుర్తుపట్టారా? మొన్న ఆదివారం శ్రీకాకుళంలో మా కాలనీ వాళ్లం చేసిన వారసత్వ దినోత్సవంలో మెడకి బ్యాడ్జీ తగిలించుకుని మిమ్మల్ని ట్రేలో మోసినవాణ్ణి. వాలంటీర్లకి తలో పని పడింది. ఒకడికి కుర్చీలు, ఒకడికి మంచినీళ్లు, నాకు మీరు. హోల్‌సేల్ కొట్లో బేరమాడి మీ రెండు డజన్ల మందినీ కొన్నది కూడా నేనే. కాబట్టి ఈ ఉత్తరంలో తిట్లేమైనా కనిపిస్తే సగం నా ఖాతాలో రాసుకోండి.

మీ ఒంట్లో ఒక్క నూలుపోగు లేదు. అచ్చమైన పాలిస్టర్. జరీ అంచు మాత్రం పెళ్లికొడుకులా తళతళలాడుతోంది. ఆ తళుకుతో మీరెక్కింది ఎవరి భుజమో తెలుసా? పొందూరు సన్నఖద్దరుకి నూలు వడికే అమ్మ భుజం.

పొద్దుటినుంచీ ఆ అమ్మ చేసిన పని, ప్లాస్టిక్ కవర్లో పడుకున్న మీరు చూడలేదు. ఆమె చేతిలో వాలుగ చేప దవడ. దాని పళ్లు దువ్వెన పళ్ల కంటే సన్నం. చిటికెడు కొండపత్తి తీసుకుని ఆ పళ్లమీద దువ్వుతుంటే నలుసులు రాలిపోయి, పత్తి అంతా తలదువ్విన పసిపిల్లలా ఒకే వైపు ఒదిగిపోతుంది. ఆ తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చేసి, మాసిపోకుండా ఎండిన అరటిడొప్పలో పెట్టుకుంటారు. అప్పుడు రాట్నం. వంద కౌంటు నూలు, అంటే అతి సన్నని నూలు. నాకైతే పోగు కనబడలేదు, ఆమె వేళ్లు కదులుతున్నాయి కాబట్టి ఉందని నమ్మాను. మా వాలంటీర్లలో ఒక ఇంటర్ పిల్ల పక్కన చతికిలబడి గంటసేపు దువ్వడం నేర్చుకుంది. ఆ రోజు మేం చేసిన అసలు కార్యక్రమం అదొక్కటే. ఇంతలో కమిటీ పెద్దాయన వచ్చి, "గెస్టు వచ్చేశారు, మైకులో చప్పుడొస్తోంది, రాట్నం ఆపమను" అన్నారు. వెళ్లి ఆపించాను.

ఇక ప్రసంగాలు. 1921లో గాంధీజీ ఈ ఖద్దరు సంగతి చూసి రమ్మని తన కొడుకు దేవదాస్‌ని పొందూరు పంపిన సంగతి నలుగురు వక్తలూ చెప్పారు. నాలుగోసారికి వెనక వరస పిల్లలు ముందే అందించేశారు. ఒకే పనస దుంగని తొలిచి వీణ చేసే బొబ్బిలి ఆయన, వాయించమంటారేమోనని తీగలు సవరించుకుని కూర్చున్నాడు. టైం లేదన్నారు. బుడితి ఇత్తడి పనివాళ్లకి ఇచ్చిన షీల్డేమో బంగారు రంగు పూసిన ప్లాస్టిక్. మీకు దగ్గరి చుట్టం అయ్యుంటుంది.

ఖద్దరు కండువాలు కొందామని మీటింగులో నేను నసగకపోలేదు. బడ్జెట్ లేదన్నారు. ఖద్దరు గొప్పదనం అచ్చేసిన ఫ్లెక్సీకి ఉంది, డీజేకి ఉంది, బిర్యానీకి ఉంది. బిర్యానీ నేనూ తిన్నాను, బాగానే ఉంది.

మీరు భుజాన పడగానే చప్పట్లు మోగాయి. ఆ అమ్మ మాత్రం మీ కొసని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి నలిపి చూసింది. చేతి అలవాటు. ఏమీ అనలేదు. ఫోటోగ్రాఫర్ "నవ్వమ్మా" అంటే నవ్వింది. మీరు జారిపోతుంటే రెండుసార్లు నేనే పైకి లాగాను.

సాయంత్రం ఆటోలో సామాను సర్దుతుంటే దగ్గరే ఉన్నాను. వాలుగ దవడని పాత ఖద్దరు గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. కుదుపులకి రాట్నం కదలకుండా మీతో కట్టబోయింది. ముడి నిలవలేదు. మళ్లీ వేసింది, మళ్లీ ఊడింది.

"ఇదేటి బాబూ, జారిపోతంది. తాడు ముక్కేటైనా ఉందేటి?" అంది.

ఫ్లెక్సీకి కట్టిన తాడు విప్పి ఇచ్చాను.

ఇట్లు,
శాలువాల ఇన్‌ఛార్జి