బంగారు పూత హెచ్‌డీఎంఐ కేబుల్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బంగారు పూత హెచ్‌డీఎంఐ కేబుల్ గారి దివ్యసముఖానికి, విశాఖపట్నం ఎంవీపీ కాలనీ వాస్తవ్యుడు నమస్కరించి వ్రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు డాబాగార్డెన్స్ దుకాణంలో, అద్దాల బీరువా లోపల, మఖమల్ గుడ్డ మీద క్షేమమని తలుస్తాను.

మొన్న తమ దర్శనానికి వచ్చినప్పుడు కౌంటరులో కుర్రాడు తాళం తీసి, తమరిని రెండు చేతులా పట్టుకుని నా ముందు పెట్టాడు. "ఇది తగిలిస్తే నలుపు ఇంకా నల్లగా వస్తుంది సార్, డైలాగు స్పష్టంగా వినిపిస్తుంది" అన్నాడు. ధర విని, దీంతోపాటు టీవీ కూడా ఇస్తారా అని అడిగాను. అతను నవ్వలేదు.

తమ ఉద్యోగం ఏమిటో మనిద్దరికీ తెలుసు: సెట్‌టాప్ పెట్టె లాంటి వాటి నుంచి టీవీకి బొమ్మనూ శబ్దాన్నీ చేరవేయడం. తమ మూతిలో 19 పిన్నులు. వాటి మీదుగా బొమ్మా శబ్దమూ ఒకట్లుగా, సున్నాలుగా వెళ్తాయి. ఒకటిని ఒకటిగా చేరవేస్తే తమ పని అయిపోయింది. దాన్ని ఒకటింబావు చేసే మహిమ 24 క్యారెట్లకు కూడా లేదు. కేబుల్ చాలకపోతే తెర మీద చుక్కలు మిణుకుమంటాయి, బొమ్మ పోయి వస్తుంది, లేదా అసలు రాదు. అంతేగాని కథానాయిక పట్టుచీర కాస్త వెలిసినట్టు కనబడటమనేది తమ చేతిలో లేదు. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల పాత టీవీ తీగల కాలంలో ఆ ముచ్చట ఉండేది; తీగలో చేరిన చెత్తంతా తెర మీదికి వచ్చేది. ఆ పాత భయాన్ని ఆస్తిగా రాయించుకుని తమరు దర్జాగా బతుకుతున్నారు.

తమ జాతికి మొదటి సాంకేతిక ప్రమాణం వెలువడింది 2002 డిసెంబరులో. అదే ఏడాది ఆగస్టులో కురుసుర జలాంతర్గామి మా ఆర్‌కే బీచ్ ఒడ్డున మ్యూజియంగా మారింది. ఉక్కు ఒళ్లు కనుక దానికి ఉప్పుగాలితో నిత్యం పోరాటమే. మా ఇళ్లలోనూ అంతే: బాల్కనీ ఊచలు, ఏసీ పెట్టె, చివరికి స్విచ్చు బోర్డు మరలు కూడా తుప్పు పట్టాల్సిందే. బంగారం తుప్పు పట్టదు. పిన్ను శుభ్రంగా ఉంటుంది, తగిలించిన చోట పట్టు చెడదు. సముద్రం పక్కన ఊళ్లో ఇది చిన్న సుగుణం కాదు. ఆ ఒక్క నిజం చెప్పి అమ్మి ఉంటే మారు మాట్లాడకుండా కొనేవాణ్ని. కాని అదే గోడకు కొక్కేనికి వేలాడుతున్న తమ పేద తమ్ముడి మూతికీ అదే పూత ఉంది, స్వామీ. అతనికి మఖమల్ లేదు, అంతే తేడా.

కొనేవాడు అడగాల్సినవి ఎంత పొడవు, ఎంత వేగం అన్నవే. 4కే (అతి స్పష్టమైన బొమ్మ) సినిమాలకు సెకనుకు 18 గిగాబిట్లు మోసే కేబుల్ చాలు. ఆటల పెట్టె పెట్టుకుని 4కేలో సెకనుకు 120 ఫ్రేములు కావాలనుకునేవారికి 48 గిగాబిట్ల అల్ట్రా హై స్పీడ్ రకం కావాలి. దాని డబ్బా మీది చీటీని ఫోనుతో స్కాన్ చేసి అసలుదో కాదో తేల్చుకోవచ్చు. ఇందులో కుర్రాడి వాక్చాతుర్యానికి పని లేదు.

నా అసలు కోపం వేరే ఉంది. ఇంత వైభోగం తమకు జరిపించిన ఆ కుర్రాడే స్పీకరు వైరు దగ్గరికి వచ్చేసరికి "అది ఏదైనా ఒకటే సార్, ఊరికే ఇస్తాను" అని దారం లాంటి తీగ ఒక చుట్ట సంచిలో పడేశాడు. ఇంటికి తెచ్చి కొనను బ్లేడుతో గీకి చూశాను. పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం. పైన పటారం లోన లొటారం అంటే ఇదే. తీగ మందం నిజంగా లెక్కలోకి వచ్చేది ఇక్కడ. హాలులో వెనక మూలనున్న స్పీకరు దాకా పది మీటర్లు అనుకుంటే, పోవడానికీ రావడానికీ కలిపి ఇరవై. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరయితే నిరోధం, అంటే కరెంటుకు తీగ పెట్టే అడ్డు, పావు ఓము దరిదాపుల్లో ఉంటుంది; 8 ఓముల స్పీకరుకు ఇబ్బంది లేదు. అర చదరపు మిల్లీమీటరు తీగయితే మూడింతలవుతుంది. అల్యూమినియం అయితే ఇంకా ఎక్కువ. యాంప్లిఫయరు కష్టపడి పంపిన సత్తువలో కొంత దారిలోనే వేడిగా పోతుంది. పైగా గీరుకుపోయిన చోట మా ఉప్పుగాలి అల్యూమినియాన్ని వదిలిపెట్టదు. శబ్దానికి ఖర్చు పెట్టాల్సిన డబ్బు తమ అలంకరణకు పోతోందని నా అభియోగం.

కనుక తమరు బీరువా దిగి, ఆ కొక్కేనికి తమ్ముడి పక్కన వేలాడాలనీ, ఖాళీ అయిన మఖమల్ మీద మంచి రాగి స్పీకరు వైరు చుట్టను కూర్చోబెట్టాలనీ ప్రార్థన.

ఇట్లు,
తమ ధర ఇప్పటికీ మరచిపోలేని విధేయుడు.

తా.క. తమ ఒంటి మీద బాణం గుర్తు చూశాను. గోడలోంచి ప్రొజెక్టరు దాకా వెళ్లే పొడవాటి ఫైబరు హెచ్‌డీఎంఐకి ఆ బాణం ఉందంటే అర్థముంది. దానికి ఒక కొన పంపేది, మరొకటి అందుకునేది, తిప్పి తగిలిస్తే బొమ్మ రాదు. రెండు మీటర్ల మామూలు తీగ తమరు. తమకెందుకండీ బాణం?