ఉచిత టికెట్టు అయితే నిలబడాలా?

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం మొదలైనప్పటి నుంచి, విశాఖపట్నంలో గాజువాక నుంచి మద్దిలపాలెం వెళ్లే సిటీ బస్సుల్లో ఒక మాట విని విని విసుగెత్తిపోయింది: "ఊరికే ఎక్కుతున్నారు, పైగా సీట్లు కూడానా?" స్త్రీలకు కేటాయించిన సీటులోనే మగవాళ్లు కూర్చుని, చంకన పసిబిడ్డతో కడ్డీ పట్టుకుని ఊగిపోతున్న తల్లిని ఆ మాట అనడానికి నోరెలా వస్తుంది? రద్దీ సాకుతో వెనుక నుంచి మీద పడేవాడిని వదిలేసి, "కాస్త సర్దుకోమ్మా" అని ఆమెకే చెప్పడం ఏం న్యాయం? ఇంకా ఎంతని సర్దుకోవాలి? పోలీసు సాయానికి 112కు ఫోన్ చేయవచ్చు, నిజమే. కానీ ఎన్‌ఏడీ కూడలిలో దిగి జనంలో కలిసిపోయేవాడిని ఆ క్షణంలో ఆపవలసింది పక్కనున్నవారే కదా! మొన్న ఒకడు ఒక అమ్మాయి మీద అలాగే పడుతుంటే, ఒక పెద్దాయన ఏమీ అనకుండా లేచి వచ్చి, వాడికీ ఆ అమ్మాయికీ మధ్య నిలబడ్డారు. అంత వయసులో ఆయన లేవగలిగినప్పుడు, ఫోన్లలో తలలు దూర్చిన కుర్రవాళ్లకు కాళ్లెందుకు రాలేదు?