సిబిల్ తప్పుపై వకీలు లేకుండానే ఫిర్యాదు: బ్యాంకును వదిలేస్తే నెగ్గడం కష్టం

పంట రుణం పూర్తిగా కట్టి నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకున్న రైతును కూడా, ట్రాక్టర్ లోను అడిగిన రోజున పాత ఖాతా సిబిల్ నివేదికలో ఇంకా బాకీగానే కనిపిస్తోందని బ్యాంకు తిప్పి పంపవచ్చు. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్ మీద ఆధారపడి అప్పు తెచ్చి, పంట అమ్మి తీర్చే కుటుంబాలకు ఆ ఒక్క తప్పు నమోదు ఒక సీజన్‌నే దెబ్బతీస్తుంది. 2024లో తెలంగాణలో రెండు లక్షల రూపాయల వరకు పంట రుణాలు మాఫీ అయ్యాక ఈ విషయాన్ని మరింత పట్టించుకోవలసి వచ్చింది. మాఫీ సొమ్ము జమైనంత మాత్రాన, ఎవరి అప్పులు ఎలా తీరాయో చూపే క్రెడిట్ నివేదికలో ఖాతా దానంతట అదే మూసుకోదు. ఆ సమాచారాన్ని బ్యాంకు పంపాలి.

ఇలాంటి తప్పుపై పోరాడాలంటే వకీలు ఫీజు భరించాలన్న భయం మన జిల్లాల్లో చాలామందిని మొదట్లోనే ఆపేస్తోంది. నిజానికి ఈ దారిలో మొదటి మెట్లన్నీ సామాన్యుడు సొంతంగా ఎక్కగలిగినవే. సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ (వీటినే బ్యూరోలు అంటారు) ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. అందులో తప్పు కనిపిస్తే సవరించమని కోరే హక్కును 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టంలోని 21వ సెక్షన్ ఇచ్చింది, గడువు 30 రోజులు. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది. అయితే అప్పులు కట్టిన తీరుకు బ్యూరో ఇచ్చే స్కోరు ఎందుకు తక్కువ వేశారన్న వివాదానికి ఈ పరిహారం వర్తించదు కాబట్టి, ఫిర్యాదులో స్కోరు గురించి కాకుండా ఏ ఖాతాలో ఏ వివరం తప్పో, దానికి రుజువు ఏమిటో రాయాలి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. సమాచారం ఇచ్చిన బ్యాంకు ధ్రువీకరిస్తే తప్ప బ్యూరో ఏ మార్పూ చేయకూడదని అదే 21వ సెక్షన్ చెబుతోంది. దాంతో బ్యూరో బ్యాంకును చూపిస్తుంది, బ్రాంచి మేనేజరు హెడ్డాఫీసును చూపిస్తాడు. ఆలస్యం ఎవరిదన్న లెక్కను రిజర్వు బ్యాంకు తేల్చింది: 21 రోజుల్లోగా సవరించిన వివరాలు పంపకపోతే పరిహారం బ్యాంకుది, అవి అందినా 30 రోజుల్లోగా నమోదు చేయకపోతే బ్యూరోది. అందుకే మొదటి రోజే ఇద్దరికీ రాతపూర్వకంగా, తేదీ వేసి, పరిహారం జమ కావలసిన ఖాతా నంబరుతో సహా ఫిర్యాదు ఇచ్చి, అందినట్లు రుజువు దాచుకోవాలి. నోటిమాటగా చెప్పి వచ్చిన ఫిర్యాదుకు తర్వాతి మెట్టు మీద విలువ ఉండదు.

ఆ తర్వాతి మెట్టు, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్. 2022 సెప్టెంబరు 1 నుంచి క్రెడిట్ సమాచార సంస్థలు కూడా ఆ అంబుడ్స్‌మన్ పథకం కిందికి వచ్చాయి. అక్కడ రుసుము లేదు. పైగా వకీలు ద్వారా దాఖలు చేసిన ఫిర్యాదును ఆ పథకం స్వీకరించదు. ఫిర్యాదులు తీసుకునే చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి ఏ భాషలోనైనా లేఖ పంపవచ్చు కనుక తెలుగులో రాసినా చెల్లుతుంది. ఈ ఒక్క విషయాన్ని ప్రతి బ్రాంచిలో తెలుగు బోర్డు మీద రాసి పెట్టినా ఎంతో మేలు జరిగేది.

జరిగిన నష్టానికి పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు, స్వయంగా వాదించుకోవచ్చు, సేవకు చెల్లించిన మొత్తం ఐదు లక్షలు దాటకపోతే రుసుము లేదు. గడువు రెండేళ్లు. అదే విషయం కమిషన్ ముందు నడుస్తుండగా అంబుడ్స్‌మన్ తీసుకోడు కాబట్టి, ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లడమే మంచిది.

ఇక్కడ బ్యూరో వైపు నుంచి రెండు అభ్యంతరాలు తప్పకుండా వస్తాయి. రుణగ్రహీత మాకు డబ్బు కట్టలేదు కనుక మా వినియోగదారుడు కాడనేది ఒకటి. క్రెడిట్ సమాచార సంస్థల చట్టంలో వివాదాలను మధ్యవర్తిత్వానికి పంపే 18వ సెక్షన్, ఇతర న్యాయస్థానాల అధికారాన్ని తొలగించే 31వ సెక్షన్ అడ్డమనేది రెండోది. సివిల్ కోర్టులో దావాకు ఈ రెండో అభ్యంతరం గట్టి అడ్డంకే. కమిషన్‌లో మాత్రం జవాబు ఉంది: వినియోగదారుల చట్టంలోని పరిష్కారం ఇతర చట్టాలకు అదనమని 100వ సెక్షన్ చెబుతోంది, టెలిగ్రాఫ్ చట్టంలో మధ్యవర్తిత్వం ఉన్నంత మాత్రాన మొబైల్ వినియోగదారుడికి కమిషన్ తలుపు మూసుకుపోదని 2022లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అయినా బ్యూరో ఒక్కదానినే ప్రతివాదిగా పెట్టడం పొరపాటు. వడ్డీ తీసుకున్న బ్యాంకు తాను సేవ అందించలేదని అనడానికి వీల్లేదు, కాబట్టి కేసు ముందుగా దాని మీదే నిలబడాలి.

రోజుకు వంద రూపాయలతో ఈ పరిస్థితి మారుతుందని నేను అనుకోను. అమెరికాలో గడువులోగా రుజువు కాని వివరాన్ని నివేదిక నుంచి తీసివేయాలని చట్టం చెబుతుంది. మన చట్టంలో బ్యాంకు మౌనంగా ఉన్నంతకాలం తప్పు నిలిచే ఉంటుంది. 30 రోజుల్లో బ్యాంకు ధ్రువీకరించని ఫిర్యాదు ఖాతాను, ధ్రువీకరణ వచ్చేదాకా ఏ రుణదాతకూ కనిపించకుండా నిలిపివేసేలా 21వ సెక్షన్‌ను సవరించాలి.