ఒక్కదానికి ఎంత బియ్యం పోయాలి?

నాకు తెలిసిన ఒక అమ్మాయి ఎనిమిదో ఏట చిల్డ్రన్ హోమ్‌లో చేరి, పద్దెనిమిది నిండేదాకా అక్కడే పెరిగింది. వంటింట్లో చేతిసాయం ఆమెకు బాగా అలవాటు. అరవై మందికి అన్నం ఎసరు కళ్లతోనే అంచనా వేసేది. బయటికొచ్చి హైదరాబాద్‌లో గది తీసుకున్న మొదటి రాత్రి మాత్రం స్టవ్ ముందు నిలబడిపోయింది. తన ఒక్కదానికి ఎంత బియ్యం పోయాలో తెలియలేదు.

హోమ్‌లలో పిల్లల్ని పట్టించుకోరని చాలామంది అనుకుంటారు. నాకు కనిపించిన సమస్య వేరు. అక్కడ అన్నీ వాళ్ల కోసం ఇంకెవరో చేసిపెడతారు. సబ్బు ఇస్తారు, బట్టలు తెస్తారు, బ్యాంకు పాస్‌బుక్ ఆఫీసు బీరువాలో దాస్తారు. పిల్లని బజారుకు పంపితే, అక్కడ ఏదైనా జరిగితే ఉద్యోగం పోతుందని సిబ్బందికి భయం. ఆ భయాన్ని తప్పుపట్టలేను. కానీ పదేళ్లు గేటు దాటనివ్వని పిల్లని ఒక్కరోజులో ఊరి మీదికి వదిలేయడం మాత్రం ఘోరం.

చట్టం ఈ విషయాన్ని మరిచిపోలేదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోని 46వ సెక్షన్, పద్దెనిమిదేళ్లు నిండి సంస్థను వదిలి వెళ్లేవారికి ఆర్థిక సాయం గురించి చెబుతుంది. అయితే అందులో ఉన్న మాట 'ఇవ్వాలి' కాదు, 'ఇవ్వవచ్చు'. ఆ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నిబంధనల ప్రకారం, బయటికొచ్చాక ఇచ్చే ఆసరా 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్లు కొనసాగించవచ్చు. ఆరుగురి నుంచి ఎనిమిది మంది కలిసి ఉండే తాత్కాలిక వసతి, శిక్షణ కాలంలో స్టైపెండ్ కూడా వాటిలో ఉన్నాయి. బాలల సంరక్షణ కోసం కేంద్రం నడిపే పథకం మిషన్ వాత్సల్య. దాని మార్గదర్శకాల్లో ఈ సాయం నెలకు 4,000 రూపాయలు. హైదరాబాద్‌లో అది హాస్టల్ ఫీజుకే బొటాబొటి. 'ఇవ్వవచ్చు'ను 'ఇవ్వాలి'గా మార్చాలి, మొత్తం పెంచాలి. అందులో నాకు ఏ సందేహమూ లేదు.

కానీ డబ్బు చేతికి రావాలన్నా ముందు ఆధార్, బ్యాంకు ఖాతా సరిగ్గా ఉండాలి. ఆ అమ్మాయి ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్, ఎప్పుడో బదిలీ అయిపోయిన ఒక ఉద్యోగినిది. ఏ పనికి వెళ్లినా ఓటీపీ ఆవిడకే పోయేది. సిమ్ కొనడానికి, ఖాతా తెరవడానికి, ఉద్యోగంలో చేరడానికి ప్రతిసారీ అదే టెన్షన్. హోమ్‌లో ఉన్న ప్రతి బిడ్డకూ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక రాయాలని చట్టమే చెబుతోంది. అందులో ఈ నంబర్ సంగతి కూడా రాసుకుని ఉంటే ఏడాది ముందే సరిచేసేవాళ్లు.

పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా నడపడానికి రిజర్వు బ్యాంకు అనుమతిస్తోంది. అలాంటప్పుడు పాస్‌బుక్ బీరువాలో ఎందుకుండాలి? పద్నాలుగో ఏట నుంచే వారానికి వంద రూపాయలు చేతికిచ్చి, కూరగాయలు కొనుక్కు రమ్మనాలి. ఒకసారి మోసపోతారు, ఒకసారి చిల్లర పోగొట్టుకుంటారు. మన ఇళ్లలో పిల్లలు నేర్చుకునేదీ అలాగే కదా. ఒక తేడా ఉంది. మన పిల్లలు ముప్ఫై ఏళ్లొచ్చినా "అమ్మా, పప్పులో ఎంత నీళ్లు?" అని ఫోన్ చేస్తారు.

ఆ ఫోన్ ఎత్తే మనిషి కావాలి. ఇంగ్లండ్‌లో 2014 చట్టం తర్వాత, ప్రభుత్వ సంరక్షణలోని బిడ్డను పెంచిన కుటుంబం, ఆ బిడ్డ ఇద్దరూ ఇష్టపడితే 21 ఏళ్ల దాకా అదే ఇంట్లో ఉండొచ్చు. 2017 చట్టంతో 25 ఏళ్ల వరకు సలహాదారు తోడు కోరవచ్చు. మన దగ్గర పెంపక కుటుంబాలు అరుదు, ఎక్కువమంది పెరిగేది హోమ్‌లలోనే. అందుకే ప్రతి జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో, బయటికెళ్లిన పిల్లల కోసమే ఒక మనిషిని, మారని ఒక ఫోన్ నంబర్‌ను ఉంచాలని అడుగుతున్నాను.

సంక్రాంతికి ఆ అమ్మాయి గదిలో ఉండే మిగతావాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు. తను పనిచేసే కొట్టు మూడు రోజులు సెలవు. అరకిలో స్వీట్లు కొనుక్కుని తను పెరిగిన హోమ్‌కు వెళ్లింది. గేటు దగ్గర విజిటర్స్ రిజిస్టర్ ఇచ్చారు. పేరు రాసింది, టైమ్ రాసింది. 'పిల్లలకు ఏమవుతారు?' అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయిందట.