వియత్నాం పాత చట్టాల్లో హక్కు ఎంత, దయ ఎంత?

మానవ హక్కుల మాట వచ్చినప్పుడల్లా వియత్నాం అధికార పక్షపు రచయితలు హోంగ్ డుక్ శిక్షాస్మృతిని ముందుకు తెస్తారు. హక్కులు పడమటి దేశాల సొత్తు కాదని, అయిదు వందల ఏళ్ల కిందటే తమ చట్టాల్లో ఉన్నాయని వాళ్ల వాదన. అందులో సగం నిజముంది. చిక్కంతా ఆ సగంతోనే.

15వ శతాబ్దంలో లె థాన్ టోంగ్ రాజు పేరు మీద నిలిచిన ఆ స్మృతిలో 722 నిబంధనలున్నాయి. చాలావరకు చైనా టాంగ్ వంశపు చట్టాల ఒరవడే. ఇల్లు, ఆస్తి దగ్గరికొచ్చేసరికి మాత్రం దారి మారింది. తల్లిదండ్రులు వీలునామా రాయకుండా పోతే, పితృపూజకు ఇరవయ్యో వంతు పక్కనపెట్టి మిగతాది అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ పంచుకోవాలి. కొడుకుల్లేకపోతే ఆ పూజ భాగం కూడా పెద్ద కూతురిదే. భర్త అయిదు నెలలు తొంగిచూడకపోతే భార్య అధికారికి చెప్పుకుని విడిపోవచ్చు. పిల్లలుంటే గడువు ఏడాది. రాజోద్యోగం మీద దూరం వెళ్లినవాడికి మినహాయింపు. కూతురి వాటా నిజంగా సమానమేనా అని చరిత్రకారులు ఇంకా తగవులాడుతున్నారు. అయినా, ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా అన్న చట్టం ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ హయాందాకా, దేశమంతటా 2005 దాకా రాలేదన్నది గుర్తుంచుకుంటే, ఇది చిన్న సంగతి కాదు.

అంతకుముందే లీ వంశపు రాజులున్నారు. 1055 చలికాలంలో లీ థాన్ టోంగ్, అంతఃపురంలో నిప్పుల దగ్గర కూర్చున్న తనకే ఇంత చలిగా ఉంటే, నేరం చేశారో లేదో ఇంకా తేలని ఖైదీల గతేమిటని అడిగి, వాళ్లకు దుప్పట్లు, చాపలు, రోజుకు రెండు పూటల అన్నం ఇప్పించాడని రాజవంశ చరిత్ర చెబుతుంది. ముచ్చటైన కథే. కానీ మరో రాజుకు చలి వేయకపోతే ఖైదీ ఏం చేయాలి? 1052లో ఆయన తండ్రి, అన్యాయం జరిగినవాళ్లు వచ్చి కొట్టమని పెద్ద గంట పోయించాడు. అదీ రాజప్రాసాదంలోనే వేలాడింది. రాజు వల్లే అన్యాయం జరిగితే కొట్టడానికి వేరే గంట లేదు. హోంగ్ డుక్ స్మృతి కూడా గర్భిణికి ప్రసవమై వంద రోజులయ్యేదాకా శిక్ష ఆపమంది. అదే చేత్తో రాజబంధువులకు, పెద్దలకు శిక్ష తగ్గించే ఎనిమిది వెసులుబాట్లు రాసింది.

రాజు ఇచ్చింది రాజే తీసుకోగలడు. 19వ శతాబ్దం మొదట్లో జా లాంగ్ చక్రవర్తి చైనా చింగ్ వంశపు చట్టాన్ని దాదాపు యథాతథంగా తెచ్చి 398 నిబంధనల కొత్త స్మృతి చేశాడు. ఆడపిల్లల వాటా పుస్తకంలోంచి మాయమైంది. రాజు చట్టం ఊరి కట్టుబాటుకు లొంగుతుందని వియత్నామీయుల సామెత ఒకటుంది. ఆ కట్టుబాటేమో ఆడవాళ్లను ఊరి సభామందిరం గడప తొక్కనివ్వలేదు.

నేటి 2013 రాజ్యాంగంలో మానవ హక్కులకు ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. జాతీయ భద్రత, సామాజిక శాంతి వంటి కారణాలతో చట్టం ద్వారా వాటిని కుదించవచ్చని దాని 14వ అధికరణమే చెబుతోంది. రాజ్య వ్యతిరేక రాతలకు అయిదు నుంచి పన్నెండేళ్ల జైలు విధించే 117వ సెక్షన్ శిక్షాస్మృతిలో అమల్లో ఉంది. అలాంటి చట్టం రాజ్యాంగానికి లోబడి ఉందో లేదో తేల్చే రాజ్యాంగ న్యాయస్థానం అక్కడ లేదు. చట్టాలు చేసే జాతీయ అసెంబ్లీయే ఆ పనీ చూసుకోవాలి.