సైలెన్సర్ మెడ దగ్గరి నట్టుగారికి ఖాళీ నోటీసు

విషయం: తమరు పట్టుకుని కూర్చున్న చోటు వెంటనే ఖాళీ చేయడం గురించి.

బైకు ఇంజన్ నెత్తిన ఉండే సిలిండర్ హెడ్డు ముందువైపు, సైలెన్సర్ మెడకు ఎడమ పక్కన కాపురముంటున్న పది నంబరు పానా పట్టే నట్టుగారికీ, వారిని క్షణం కూడా విడిచి ఉండలేని, తల లేకుండా రెండు కొసలా మర ఉన్న ఆరు మిల్లీల స్టడ్డుగారికీ నమస్కరించి రాయునది.

కుడి పక్కన ఉండే తమ తోడల్లుడు పానా వేయగానే మర్యాదగా బయటికొచ్చాడు. ప్రస్తుతం కిరసనాయిలు డబ్బా మూతలో హాయిగా పడుకుని ఉన్నాడు. తమరు మాత్రం కదిలేది లేదన్నారు. నోటితో చెప్పి చూశాను, చేత్తో చెప్పి చూశాను, ఇక కాగితం మీద పెట్టక తప్పలేదు.

ఈ బండి షెడ్డుకి వచ్చింది పొగ వస్తోందని. పొద్దున్నే స్టార్ట్ చేయగానే గుప్పుమని నీలం పొగ, కాసేపటికి సర్దుకోవడం. వాల్వు సీళ్లు గట్టిపడిపోయాయని వినగానే తెలిసిపోతుంది. అవి ఇంజన్ ఆయిల్ మంట మండే చోటికి జారకుండా ఆపే వేలి గోరంత రబ్బరు ముక్కలు. వాటిని మార్చాలంటే హెడ్డు దించాలి. హెడ్డు దిగాలంటే సైలెన్సర్ ఊడాలి. సైలెన్సర్ ఊడాలంటే తమరు దయ తలచాలి. ఓనరు బయట స్టూలు మీద కూర్చుని "ఎంతసేపు పడుతుందన్నా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆయన టెన్షన్ ఇంజన్ గురించి. నా టెన్షన్ తమ గురించి. పది రూపాయలు చేయని నట్టు గురించి ఇంత ఆలోచిస్తున్నానని ఆయనకి చెప్తే బండి వేరే షెడ్డుకి తోసుకుపోతాడు.

తమ వంశం సామాన్యమైనది కాదని ఒప్పుకుంటాను. నెత్తి మీద 8.8 అని ముద్ర వేయించుకుని తిరిగే బోల్టులు తమ బంధువులే. మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకి 800 న్యూటన్ల లాగుడు వచ్చేదాకా తెగనని. చుక్క తర్వాతి 8 అంటే అందులో 80 శాతం వరకు లాగినా మళ్లీ యథాస్థానానికి వచ్చేస్తానని. ఆరు మిల్లీల బోల్టుకి లెక్క కడితే, నిలువునా లాగితే దాదాపు 1,600 కిలోలు ఓర్చుకుంటుంది. అంటే రెండు చిన్న కార్లు వేలాడదీయొచ్చన్నమాట. అంతటి పెద్దమనిషి మామూలు పానాతో మామూలు మనిషి మెలిపెడితే పుటుక్కుమంటాడు. లాగితే ఏనుగు, తిప్పితే ఏడుపు. ఇదెక్కడి పౌరుషమో తమరే చెప్పాలి.

తప్పంతా తమరిదే అనను. తమ సైజు మరకి మాన్యువల్‌లో రాసి ఉండే బిగింపు 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. పది సెంటీమీటర్ల పొడుగున్న పానా చివర పది కిలోల బియ్యం సంచి తగిలిస్తే ఎంతో, అంత. అంతకు మించి ఒక్క పిసరు అక్కర్లేదు. కానీ తమరిని కిందటిసారి బిగించిన పుణ్యాత్ముడు మాన్యువల్ చూసే రకం కాదు. మా లైన్లో బిగింపు లెక్క అంతా ఓ సంభాషణ.

"గట్టిగా ఉందా?"

"ఉందన్నా."

"ఇంకో పావు చుట్టు వెయ్యి."

సగం షెడ్లు బతుకుతున్నది ఆ ఇంకో పావు మీదే. బిగింపు కొలిచి చూపే టార్క్ రెంచ్ లేక కాదు. పెద్ద షాపుల్లో ఉంటుంది. ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా అద్దాల బీరువాలో పెట్టి, దసరాకి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మళ్లీ బీరువాలో పెడతారు. తమరిని బిగించే వేళకి మాత్రం చేతికి దొరికేది అడుగున్నర పైపు తొడిగిన పానా.

ఆ తర్వాత మిగతా పని వాతావరణం చూసుకుంది. తమరున్న చోటు అలాంటిది. ముందు చక్రం విసిరే బురద నీళ్లు సూటిగా తమ మొహానే పడతాయి. వెనక నుంచి మండిన గ్యాసు వేడి. పగలంతా కాగడం, రాత్రంతా చల్లారడం. ఇనుము తుప్పుగా మారితే దానికి రెండింతలకు పైగా చోటు కావాలి. మర సందులో ఆ చోటెక్కడుంది? అందుకే తుప్పు అటు నట్టునీ ఇటు స్టడ్డునీ ఒత్తేసి ఇద్దరినీ ఒకటి చేసేసింది. అవతల స్టడ్డు రెండో కొస దిగిన హెడ్డేమో అల్యూమినియం. ఇనుమూ అల్యూమినియమూ ఒకచోట చేరి మధ్యలో తడి తగిలితే తెల్లటి బూడిదలాంటిది పుట్టి అదీ పట్టేస్తుంది. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం వైపు తిరిగిన బండ్లకైతే ఉప్పుగాలి ఉచితం. అద్దె కట్టని మనిషికి ఇంటాయనే ఎదురు కాపలా పెట్టినట్టు తయారైంది తమ పరిస్థితి.

ఇప్పటిదాకా జరిగిన మర్యాదలు గుర్తు చేస్తాను. ముందు వైరు బ్రష్షుతో మొహం కడిగాం. తర్వాత డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టాం. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో, నీటిని తరిమే మందు కోసం తంటాలు పడీ పడీ నలభయ్యో ఫార్ములాకి కుదిరిందని ఆ పేరు పెట్టారు. అట్లాస్ క్షిపణి ఒంటికి తుప్పు పట్టకుండా పూశారు. క్షిపణికి సరిపోయిన మందు తమరికి ఆనలేదు. ఆనదు కూడా. అది ప్రధానంగా తడిని తరిమే మందు. ఏళ్ల తరబడి బిగుసుకున్న మరలోకి ఏదైనా పాకాలంటే రాత్రంతా నానాలి. ఆ మాటంటే ఓనరు "సాయంత్రం పెళ్లికెళ్లాలన్నా" అన్నాడు. పెళ్లి ఆయనది కాదు, కనుక్కున్నాను.

తర్వాత పానా సంగతి. మా బుడ్డోడు డబుల్ ఎండ్ పానా పట్టుకుని ఉరికొచ్చాడు. అది తమరిని రెండు పలకల మీదే పట్టుకుంటుంది. మిగతా నాలుగు పలకలు చోద్యం చూస్తుంటాయి. కాస్త జారిందా, మూల పోయింది. పన్నెండు మూలల రింగు పానా కొంత నయం, కానీ మొండివాళ్ల దగ్గర అదీ జారుతుంది. ఆరు పలకల నట్టుకి ఆరు పలకల సాకెట్టే వేయాలి, నిండా దిగిందో లేదో చేత్తో కదిపి చూసుకోవాలి. ఈ చిన్న సంగతి మరిచి, ఇంట్లో కటింగ్ ప్లేరుతోనో స్క్రూ పానాతోనో తమరిని గుండ్రంగా చేసి, ఆనక షెడ్డుకి తెచ్చి "ఏమో అన్నా, ముందు నుంచీ అలాగే ఉంది" అనే ఓనర్లకి వేరే ఉత్తరం రాయాలి.

ఆపైన సెగ. పెట్రోల్ ట్యాంకు ఊడదీసి దూరంగా పెట్టి, గ్యాస్ టార్చి వెలిగించి, మంట తమ మీదే పడేలా పట్టాను. నట్టు తొందరగా వేడెక్కి వ్యాకోచించాలి, లోపలి స్టడ్డుకి ఆ వేడి ఇంకా అందకూడదు. అదీ కిటుకు. స్టడ్డే హెడ్డులో పట్టేస్తే అప్పుడు చుట్టూ ఉన్న హెడ్డుని కాల్చాలి. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కన్నా ఇంచుమించు రెండింతలు పెరుగుతుంది కాబట్టి కన్నం వదులవుతుంది. వేడి మీదుండగానే కొవ్వొత్తి ముక్క ఆనించాను. మైనం బుస్సుమని కరిగి మర అంచున ఒక్క క్షణం నిలబడి, లోపలికి పోయింది. ఖరీదైన స్ప్రే డబ్బాలు చేయలేని పని రెండు రూపాయల మైనం చేయడం చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

ఇక్కడే అసలు కథ ఉంది. సాకెట్టు వేసి మెల్లగా బరువు మోపుతూ పోతే రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకటి "టక్". ఎండు కొమ్మ విరిగినంత శబ్దం, అరచేతిలో చిన్న అదురు. అది విన్నామంటే తుప్పు పట్టు తెగిందని అర్థం. అప్పుడైనా ఆశపడి గిరగిరా తిప్పేయకూడదు. పావు చుట్టు వెనక్కి, కొంచెం ముందుకి, మళ్లీ వెనక్కి. ఊడొచ్చిన తుప్పు పొడి మరలో ఇరుక్కోకుండా ఆయిల్ చుక్క వేస్తూ పోవాలి. రెండోదానికి శబ్దం ఉండదు. పానా మెత్తగా, సుఖంగా, ఏ గొడవా లేకుండా తిరుగుతుంది. కుర్రాళ్లు దీనికే "వచ్చేసిందన్నా!" అని కేకేస్తారు. వచ్చేది నట్టు కాదు, ప్రాణం. స్టడ్డు మెలిపడుతోంది, ఇంకో అర చుట్టుకి తెగుతుంది. అక్కడ చెయ్యి ఆపేవాడు మేస్త్రీ, ఆపనివాడు లేత్ షాపుకి మేలు చేసేవాడు.

తమరు నాకు వినిపించింది ఈ రెండో జవాబు. అందుకని తమరు అనే ఓపిక ఇక్కడితో సరి.

చూడు నాయనా. నువ్వు విరిగితే ఏం జరుగుతుందో నాకు తెలియదనుకోకు. విరిగిన ముక్క మధ్యలో కన్నం వేసి, ఎడమ మర ఉన్న ఈజీ అవుట్ అనే పనిముట్టు దింపుతారు. పేరులోనే ఉంది ఈజీ. గట్టి ఉక్కు కాబట్టి అది వంగదు, టప్పున లోపలే విరుగుతుంది. దాన్ని ఏ మామూలు డ్రిల్లు బిట్టూ కొరకదు. ఆపైన హెడ్డు చంకలో పెట్టుకుని విజయవాడ ఆటోనగర్‌కో, హైదరాబాద్ బాలానగర్‌లో స్పార్క్ ఎరోషన్ మిషన్ ఉన్న టూల్ రూముకో బయల్దేరాలి. నిప్పురవ్వలతో ముక్కని కొంచెం కొంచెంగా తినేసి, పోయిన మర స్థానంలో హెలికాయిల్ చుట్ట దింపుతారు. స్టీలు తీగతో చుట్టిన ఆ కొత్త మర పాత అల్యూమినియం మర కన్నా గట్టిగానే ఉంటుంది, అది నిజం. కానీ వాల్వు సీళ్ల కోసం వచ్చిన ఓనరుకి ఆ బిల్లు చదివి వినిపించాల్సింది నేను.

అందుకే నా దగ్గర ఇంకో దారి ఉంది. నీ మొండెం కాస్త పైకి మిగిలితే చాలు, దాని మీద కొత్త నట్టు పెట్టి లోపల వెల్డింగ్ నింపిస్తాను. ఆ ఉక్కు వెల్డింగ్ అల్యూమినియానికి అతుక్కోదు, నీకు మాత్రమే అతుక్కుంటుంది. ఆ వేడికి నీ పట్టూ వదులుతుంది, నాకు పట్టుకోడానికి కొత్త తలా దొరుకుతుంది. వెల్డింగ్ అతనికి ఫోన్ చేశాను, అన్నం తిని వస్తానన్నాడు. కొత్త స్టడ్డు బల్ల మీద ఉంది, మళ్లీ పట్టేయకుండా దానికి రాసేందుకు రాగి గ్రీజు డబ్బా మూత కూడా తీసి పెట్టాను.

అతనొచ్చేలోపు ఇంకోసారి కాల్చి, మైనం పెట్టి, మెల్లగానే అడుగుతాను. తొందరగా తేల్చుకో. ఓనరు స్టూలు మీద నుంచి లేచాడు. చొక్కా చేతులు మడుస్తూ "నేనొకసారి ట్రై చేయనా అన్నా?" అంటున్నాడు. మా బుడ్డోడు అడగకుండానే మూలనున్న జీఐ పైపు తీసి ఆయన చేతికిచ్చాడు.

ఇట్లు,
పది నంబరు సాకెట్టు చేతపట్టుకుని,
షెడ్డు మేస్త్రీ