మునగ చెట్టెక్కిన గొంగళి పురుగు గారికి

మహారాజశ్రీ గొంగళి పురుగు గారి సముఖమునకు,

మా పెరటి మునగ చెట్టు యజమాని (ఇంటి పన్ను కడుతున్నది నేనే కాబట్టి ఇంకా అలాగే అనుకుంటున్నాను) రాసుకునే విన్నపం.

పొగిడి మునగ చెట్టు ఎక్కించడం మా వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. ఎక్కినవాడు కొమ్మ విరిగి కింద పడాలి, అదీ అందులోని సరదా. మిమ్మల్ని ఎవరూ పొగడలేదు. అయినా బంధుమిత్ర సపరివారంగా ఎక్కేశారు, కొమ్మ విరగలేదు. పైగా ఇది ఆషాఢం. ఈ నెలలో మునగాకు తినాలన్న ఆచారాన్ని మా ఇంట్లో అందరూ మరిచిపోయారు. మీరు మాత్రం నిష్ఠగా పాటిస్తున్నారు.

తమరెవరో తెలుసుకుందామని ఫోనును ఆశ్రయించాను. ఫోటో చూపిస్తే పేరు చెబుతుందట. మొదటిసారి పట్టుపురుగు అంది. రెండోసారి, ఐరోపాలో ఓక్ చెట్ల మీద బారులు తీరి నడిచే పురుగు అంది. ఇంకా దగ్గరగా తీస్తే కొబ్బరి పీచు అంది. ఆ మాట తమరి దాకా రాకూడదనే కోరుకున్నాను.

పొరుగాయన తడుముకోకుండా ఎర్ర గొంగళి అన్నారు. ఆయనది అనంతపురం. తొలకరికి నేలలోంచి లేచే రెక్కల పురుగులనూ, ఆ వెనకే వేరుశనగ మీదికి వచ్చే వాటి సంతానాన్నీ చూసి, చేను చుట్టూ కందకం తవ్విన మనిషి. బొచ్చున్న ప్రతి పురుగూ ఆయనకు ఆ పాత శత్రువే.

ఆకుకూరలమ్మే ఆవిడైతే ఫోటో వైపు చూడనైనా చూడలేదు.

"ఏ చెట్టు?"

"మునగ."

"పగలు మొద్దు మీద ముద్దగా ఉండి, రాత్రి ఆకు తింటున్నాయా?"

"అవును."

"మునగ గొంగళి. కాగడా పెట్టండి" అని కొత్తిమీర కట్ట చేతిలో పెట్టింది. శాస్త్రవేత్తలు యూప్టెరోట్ మొల్లిఫెరా అనేది తమరినేనని తర్వాత తెలిసింది. అంత పొడుగు పేరు పెట్టినవాళ్లూ చివరికి చెప్పే వైద్యాల్లో కాగడా ఉంది.

ఈలోగా మోచేతికి తమరి స్పర్శాభాగ్యం కలిగింది. గోకితే ఆ నూగు ఇంకా లోపలికి దిగుతుందనీ, అంటుకునే టేపు వేసి లాగాలనీ బాగా గోకిన తర్వాత తెలిసింది. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు అంటారు. ఇక్కడ తిన్నది తమరు, ఏరుకున్నది నేను.

కాగడా పట్టే ధైర్యం నాకు లేదు. ఆ మొద్దుకు ఆనుకునే మా వంటింటి కిటికీ. అందుకని ఒక కబురు మాత్రం చెబుతాను. చాతక పక్షి వాన చినుకు తప్ప ముట్టదని కవులు రాశారు. వానలతో వస్తుందన్నంత వరకు నిజమే. ముట్టేది మాత్రం బొచ్చు పురుగుల్ని, అదీ లోపలి పేగు పిండేసి మరీ మింగుతుందట. నలుపు తెలుపు ఒళ్లు, నెత్తిన జుట్టు, నిన్న సాయంత్రం ఒకటి మా కరెంటు తీగ మీద వాలింది. దాని దగ్గర ఫోను ఉన్నట్టు లేదు.

ఇట్లు,
మోచేయి గోకుకుంటూ,
తమ విధేయుడు